మెయిల్ పంపేవాళ్ల రెప్యుటేషన్‌ని డీఎన్‌ఎస్‌లో అడగడం, ఆ దారి మూసుకుపోకుండా చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా మెయిల్ సర్వర్ నడుపుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. చిన్నదైనా పెద్దదైనా సర్వర్ ఉందంటే స్పామ్ ఆపడానికి ఏదో ఒక బ్లాక్‌లిస్ట్‌ని అడుగుతూనే ఉంటారు. అడగడం సెట్ చేశాక అది నిజంగా జవాబిస్తోందా లేదా అని మాత్రం చాలామంది మళ్లీ చూడరు, నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా అక్కడినుంచి పుట్టినవే.

అసలు డీఎన్‌ఎస్ బ్లాక్‌లిస్ట్ అంటే ఏంటి?

స్పామ్ పంపే ఐపీల జాబితా ఒకటి ఎవరో నడుపుతుంటారు. దాన్ని మీరు డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు, ఒక్కో ఐపీ గురించి డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్‌లో పేర్లకి అడ్రస్‌లు చెప్పే వ్యవస్థ) అడిగితే చాలు. ఉదాహరణకి 192.0.2.99 నుంచి మీ సర్వర్‌కి కనెక్షన్ వచ్చింది అనుకోండి. ఆ అంకెల్ని తిరగేసి 99.2.0.192 అని రాసి, దాని వెనక లిస్టు జోన్ పేరు, అంటే ఆ లిస్టు ఉండే డొమైన్ పేరు తగిలించి (స్పామ్‌హాస్ అనే సంస్థ నడిపే జెన్ డాట్ స్పామ్‌హాస్ డాట్ ఓఆర్‌జి లాంటిది) ‘A’ రికార్డు, అంటే ఆ పేరుకి ఉన్న అడ్రస్ అడుగుతుంది మీ సర్వర్. అలాంటి పేరే లేదు, అంటే ఎన్‌ఎక్స్‌డొమైన్ వస్తే ఆ ఐపీ లిస్టులో లేదు. 127.0.0.2 లాంటి అడ్రస్ వస్తే ఉంది. ఎందుకు ఉందో తెలుసుకోవాలంటే అదే పేరుకి టీఎక్స్‌టీ రికార్డు (మాటల్లో రాసిన జవాబు) అడగొచ్చు.

1997లో పాల్ విక్సీ అనే ఇంటర్నెట్ ఇంజినీర్ మొదలుపెట్టిన ఆర్‌బీఎల్ అనే బ్లాక్‌లిస్ట్‌తో ఈ పద్ధతి పుట్టింది. అది మొదట రౌటర్లకి దారులు చెప్పే బీజీపీ ఫీడ్‌గా ఉండేది, తర్వాత డీఎన్‌ఎస్‌లోకి వచ్చింది. ఇప్పటికీ ఇదే వాడుతున్నామంటే కారణం ఒక్కటే, డీఎన్‌ఎస్ తేలిక, వేగంగా జవాబొస్తుంది, దానికి క్యాష్ (వచ్చిన జవాబుని కాసేపు గుర్తుంచుకోవడం) ఉంటుంది, ప్రతి మెషీన్‌లోనూ ముందే ఉంటుంది.

అంకెల్ని ఎందుకు తిరగేయాలి?

డీఎన్‌ఎస్ పేరులో పెద్ద భాగం కుడివైపు ఉంటుంది, ఐపీలో ఎడమవైపు ఉంటుంది. అందుకే. ఐపీ నుంచి పేరు వెతికే రివర్స్ డీఎన్‌ఎస్‌లోనూ ఇదే పద్ధతి.

నిన్నటిదాకా బాగానే పనిచేసింది, ఇవాళ ఏ ఐపీ అడిగినా లిస్టులో లేదంటోంది. స్పామ్ అంతా లోపలికొచ్చేస్తోంది. ఏమైంది?

ముందు మీ సర్వర్ ఎవరి ద్వారా అడుగుతోందో చూడండి. 8.8.8.8, 1.1.1.1 లేదా 9.9.9.9 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (ఎవరడిగినా వాళ్ల తరఫున డీఎన్‌ఎస్‌లో వెతికిపెట్టే సర్వర్) ద్వారా ఐతే సమస్య అక్కడే ఉంది, నేను చూసినవాటిలో ఎక్కువశాతం ఇదే.

లిస్టు నడిపేవాళ్లకి మీ మెయిల్ సర్వర్ కనపడదు, మీ తరఫున అడిగిన రిజాల్వర్ మాత్రమే కనపడుతుంది. పబ్లిక్ రిజాల్వర్ వెనక లక్షలమంది ఉంటారు, అందులో రోజుకి 50 మెయిళ్లు వచ్చే మీరూ ఉంటారు, కోట్ల మెయిళ్లతో వ్యాపారం చేస్తూ పైసా కట్టనివాళ్లూ ఉంటారు, ఎవరు ఎవరో విడదీసే దారి లేదు. కాబట్టి మొత్తం రిజాల్వర్‌నే ఆపేస్తారు. ఇది మీ మీద కోపంతో చేసింది కాదండీ, ఆ లిస్టు బతకాలంటే వాళ్లకి వేరే మార్గం లేదు.

ఆపడం కూడా అందరూ ఒకేలా ఆపరు. కొందరు జవాబే ఇవ్వరు, టైమ్‌అవుట్ అవుతుంది. కొందరు అన్నిటికీ లేదనే చెప్తారు, ఇది అన్నిటికన్నా ప్రమాదం ఎందుకంటే లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా పడదు, చాప కింద నీరులా స్పామ్ పెరుగుతూ పోతుంది. కొందరు మర్యాదగా ప్రత్యేకమైన ఎర్రర్ కోడ్ ఇస్తారు, దాని గురించే తర్వాతి ప్రశ్న.

127.255.255.254 అని వచ్చింది. జవాబు వచ్చిందంటే ఆ ఐపీ లిస్టులో ఉన్నట్టేగా?

కాదు! ఇది ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, మిగతా పేజీ మర్చిపోయినా పర్లేదు.

స్పామ్‌హాస్ వాళ్ల కోడ్ ఇది. పబ్లిక్ రిజాల్వర్ ద్వారా అడిగారు, లేదా ఎవరిదో తెలియని జనరిక్ రివర్స్ పేరున్న మెషీన్ నుంచి అడిగారు, అందుకే జవాబు చెప్పం అని దానర్థం. 127.255.255.252 వస్తే జోన్ పేరు తప్పు టైప్ చేశారని, 127.255.255.255 వస్తే మరీ ఎక్కువ క్వెరీలు కొడుతున్నారని. మీరు అడిగిన ఐపీ మంచిదా చెడ్డదా అన్నదానికి ఈ మూడిట్లో దేనికీ సంబంధం లేదు.

కానీ మీ పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) కాన్ఫిగ్‌లో రిజెక్ట్ ఆర్‌బీఎల్ క్లయింట్ లైన్‌లో ఉత్త జోన్ పేరు మాత్రమే రాసుంటే, ఏ జవాబు వచ్చినా లిస్టులో ఉన్నట్టే లెక్కేస్తుంది, ఎర్రర్ కోడ్ వచ్చినా సరే. అంటే ప్రపంచంలో ఎవరు మెయిల్ పంపినా తిప్పి కొడుతుంది.

నాకు జరిగింది చెప్తా. ఒక ఆదివారం రాత్రి అప్‌డేట్ అయ్యి సర్వర్ రీబూట్ అయ్యింది. లేచాక డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ సెట్టింగ్‌లు దానంతటదే ఇచ్చేది) వచ్చి, ఏ రిజాల్వర్‌ని అడగాలో రాసుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో నేను పెట్టుకున్న 127.0.0.1 (అంటే అదే మెషీన్ మీదున్న నా సొంత రిజాల్వర్) తీసేసి హోస్టింగ్ వాళ్ల రిజాల్వర్ రాసేసింది. సోమవారం పొద్దున అకౌంట్స్ చూసే ఆవిడ ఫోన్ చేసి, నిన్నటినుంచి ఒక్క మెయిల్ కూడా రాలేదు, అవతలివాళ్లు పంపామంటున్నారు అంది. లాగ్ తెరిస్తే వరసగా 554 లైన్లే, ప్రతి లైన్ చివర ఎర్రర్ ఓపెన్ రిజాల్వర్ అని పదాల్లో రాసే ఉంది, చదివేవాళ్లు లేక అలా రాత్రంతా పడుతూనే ఉంది. 554 అంటే శాశ్వతంగా తిప్పి కొట్టడం, అవతలి సర్వర్ మళ్లీ ప్రయత్నించదు, కాబట్టి ఆ మెయిళ్లు తిరిగి రాలేదు. పంపినవాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్లీ పంపమని అడగాల్సి వచ్చింది.

సరిచేయడానికి జోన్ పేరు పక్కన ఈక్వల్స్ పెట్టి 127.0.0.[2..11] అని రాస్తే సరిపోయింది. ఆ పరిధిలో జవాబొస్తేనే తిప్పి కొట్టు, లేకపోతే వదిలెయ్ అని చెప్పినట్టు.

ఐతే సొంత రిజాల్వర్ పెట్టుకోవాలా? కష్టమా?

పెట్టుకోవాలి, కష్టం కాదు. అన్‌బౌండ్ ఐనా బైండ్ ఐనా (రెండూ రిజాల్వర్ సాఫ్ట్‌వేర్లే) మెయిల్ సర్వర్ మీదే ఇన్‌స్టాల్ చేసి, అది రూట్ సర్వర్ల నుంచి మొదలుపెట్టి తనే స్వయంగా వెతికేలా వదిలేయండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, అన్‌బౌండ్ పెడతారు కానీ అందులో ఫార్వర్డ్ జోన్ రాసి మళ్లీ 8.8.8.8కే పంపిస్తారు, అప్పుడు లిస్టువాళ్లకి కనపడేది మళ్లీ అదే పబ్లిక్ రిజాల్వర్. అన్‌బౌండ్ కంట్రోల్‌లో లిస్ట్ ఫార్వర్డ్స్ అని కొడితే మీకు తెలియకుండా ఏమైనా ఫార్వర్డ్ అవుతోందా తెలిసిపోతుంది. డీఎన్‌ఎస్‌మాస్క్ ఈ పనికి పనికిరాదు, అది ఇంకొకరికి అందించడం తప్ప తనంతట తాను వెతకదు.

తర్వాత మెయిల్ సాఫ్ట్‌వేర్ నిజంగా దాన్నే వాడుతోందా అని చూడాలి. డెబియన్‌లో పోస్ట్‌ఫిక్స్ క్రూట్‌లో (మిగతా ఫైళ్లు కనపడని విడి ఫోల్డర్‌లో) నడుస్తుంటే రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌కి దానికంటూ వేరే కాపీ ఉంటుంది, అసలు ఫైల్ మార్చాక పోస్ట్‌ఫిక్స్‌ని రీస్టార్ట్ చేయకపోతే పాతదే పట్టుకుని ఉంటుంది. డాకర్‌లో ఐతే కంటైనర్‌కి 127.0.0.11 కనపడుతుంది, దాని వెనక ఎవరున్నారో విడిగా చూసుకోవాలి. స్పామ్ ఫిల్టర్ల సంగతికొస్తే, స్పామ్ అసాసిన్‌లో డీఎన్‌ఎస్ సర్వర్ అనే సెట్టింగ్ ఉంది, ఆర్‌స్పామ్‌డీలో నేమ్‌సర్వర్ అని ఉంది, రెండిట్లోనూ 127.0.0.1 అని నేరుగా రాసేయడమే నాకు నచ్చిన పద్ధతి, అప్పుడు సిస్టమ్ ఫైల్‌ని ఎవరు మార్చినా ఇవి చెదరవు.

చివరికి బయటికి ఏ ఐపీతో వెళ్తున్నారో చూడాలంటే హూ యామ్ ఐ డాట్ అకమాయ్ డాట్ నెట్ అనే పేరుని డిగ్ అనే కమాండ్‌తో అడగండి (పేరులో హూ యామ్ ఐ కలిపి ఒకే పదం), వచ్చే జవాబే మీ తరఫున అడిగిన రిజాల్వర్ ఐపీ. అది మీ సర్వర్ ఐపీ ఐతే సరైన దారిలో ఉన్నట్టు.

సొంత రిజాల్వర్ పెట్టా, ఫార్వర్డ్ కూడా లేదు, ఐనా ఏ లిస్టూ పనిచేయట్లేదు.

రీబైండింగ్ రక్షణ ఆన్‌లో ఉందేమో చూడండి. బయటి డీఎన్‌ఎస్ జవాబులో లోపలి అడ్రస్‌లు వస్తే తీసేసే సెట్టింగ్ అది, మంచిదే, కానీ బ్లాక్‌లిస్టులు జవాబిచ్చేది 127తో మొదలయ్యే అడ్రస్‌లతోనే కదా. అన్‌బౌండ్‌లో ప్రైవేట్ అడ్రస్ కింద 127.0.0.0/8 చేర్చేస్తే బ్లాక్‌లిస్టుల జవాబులన్నీ మధ్యలోనే మాయమైపోతాయి. ఆఫీస్ ఫైర్‌వాల్ మీద నడిచే రిజాల్వర్ కూడా ఇలాగే చేయొచ్చు. డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ఐతే ఇందుకోసమే రీబైండ్ లోకల్‌హోస్ట్ ఓకే అని ఒక ఆప్షన్ పెట్టారు.

అదీ కాకపోతే డీఎన్‌ఎస్ వాడే 53 పోర్టు యూడీపీ, టీసీపీ రెండూ బయటికి తెరిచి ఉన్నాయా చూడండి, కొన్ని నెట్‌వర్క్‌లు 53కి వెళ్లే ట్రాఫిక్‌ని దారి మళ్లించి తమ రిజాల్వర్‌కే పంపిస్తాయి. అదీ కాకపోతే మీ సర్వర్ ఐపీకి రివర్స్ పేరు చూడండి, హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన అంకెల పేరే ఉంటే మీ సొంత డొమైన్ పేరు పెట్టించుకోండి. మెయిల్ పంపడానికి కూడా అది ఎలాగూ కావాలి.

తిరగబడి ప్రతి ఐపీ లిస్టులో ఉందంటోంది, ఎర్రర్ కోడ్ కూడా కాదు, ఏదో మామూలు ఐపీ వస్తోంది.

లేని పేరు అడిగినా తమ ప్రకటనల పేజీ ఐపీ ఇచ్చే రిజాల్వర్లు కొన్నుంటాయి, అది కావచ్చు. లేదా ఆ లిస్టే చచ్చిపోయి ఉండొచ్చు.

లిస్టు చచ్చిపోవడం ఏంటి?

చాలా జరిగాయి. ఓఆర్‌డీబీ అనే లిస్టుని 2006 డిసెంబర్‌లో మూసేశారు. ఐనా జనం క్వెరీలు కొడుతూనే ఉన్నారు, ఏడాది దాటినా ఆపలేదు. 2008 మార్చిలో అది ఏది అడిగినా లిస్టులో ఉందని చెప్పడం మొదలుపెట్టింది, అప్పటిదాకా పట్టించుకోనివాళ్లకి ఒక్కసారిగా మెయిల్ ఆగిపోయింది. ఏహెచ్‌బీఎల్ అనే ఇంకో లిస్టు కూడా మూతపడ్డాక 2015 జనవరి 1 నుంచి అలాగే చేసింది. 2024 జూన్‌లో సార్బ్స్ అనే లిస్టు ఆగిపోయింది, ఎన్నో ఏళ్లనాటి కాన్ఫిగ్ ఫైళ్లలో దాని పేరు ఇంకా ఉంది.

మూయాలనుకోకపోయినా ప్రమాదాలు జరుగుతాయి. 2021 జనవరి 31న స్పామ్‌కాప్ అనే లిస్టు డొమైన్ రెన్యువల్ జరగక ఎక్స్‌పైర్ అయ్యింది, డొమైన్ పార్కింగ్‌కి వెళ్లిపోయింది, పార్కింగ్‌లో ఏ పేరడిగినా ఒక ఐపీ వస్తుంది కాబట్టి కోడ్ పరిధి రాసుకోనివాళ్ల సర్వర్లన్నీ అందరినీ తిప్పి కొట్టాయి. పరిధి రాసుకున్నవాళ్లకి మాత్రం ఏమీ కాలేదు, ఎందుకంటే పార్కింగ్ ఐపీ 127తో మొదలవ్వదు. పైన చెప్పిన ఆ చిన్న ఈక్వల్స్ గుర్తు అంత పని చేస్తుంది.

మీ కాన్ఫిగ్‌లో ఉన్న జోన్ పేర్లన్నీ ఒకసారి తీసి చూడండి. ఎవరో పదేళ్ల క్రితం రాసిన గైడ్ నుంచి కాపీ కొట్టినవైతే అందులో ఒకటైనా చచ్చిపోయింది దొరుకుతుంది, అది తీసేయండి.

రోజూ బాగానే పనిచేస్తోందా అని ఎలా తెలుసుకోవాలి?

దీనికి చక్కటి ఏర్పాటు ముందే ఉంది. 2010లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5782 (ఈ లిస్టులు ఎలా నడవాలో చెప్పే పత్రం) ప్రకారం ప్రతి ఐపీ లిస్టులోనూ 127.0.0.2 ఎప్పుడూ ఉండాలి, 127.0.0.1 ఎప్పుడూ ఉండకూడదు. కాబట్టి 2.0.0.127 అని జోన్ ముందు పెట్టి అడగండి, లిస్టులో ఉందనే కోడ్ రావాలి (పైన చెప్పిన ఎర్రర్ కోడ్ కాదు). 1.0.0.127 అడగండి, ఏమీ రాకూడదు. మొదటిది ఖాళీ వస్తే మిమ్మల్ని ఆపేశారు లేదా దారి తెగింది, రెండోది జవాబిస్తే లిస్టు పాడైంది లేదా మీ రిజాల్వర్ అబద్ధం చెప్తోంది. స్పామ్‌హాస్ జెన్‌లో మొదటిదానికి 127.0.0.2, 127.0.0.4, 127.0.0.10 మూడూ వస్తాయి.

ఇదే నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాసి క్రాన్‌లో గంటకోసారి పెట్టండి, తేడా వస్తే మీ ఫోన్‌కి కబురు వచ్చేలా చేయండి, కబురు మాత్రం అదే మెయిల్ సర్వర్ ద్వారా రాకూడదు. టెస్ట్ కూడా మెయిల్ సర్వర్ మీద నుంచే, అదే రిజాల్వర్‌తో జరగాలి. మీ ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన జవాబు చూసి సర్వర్ గురించి ఏమీ చెప్పలేం.

రోజుకి ఎన్ని క్వెరీలు కొట్టొచ్చు?

ఒక్కో లిస్టుకి ఒక్కో రూలు. స్పామ్‌హాస్ చాలా ఏళ్లు వ్యాపారేతర ఉచిత వాడకానికి రోజుకి 1,00,000 ఎస్ఎంటీపీ కనెక్షన్లు, 3,00,000 క్వెరీలు అనే హద్దు పెట్టింది. బరాకుడా అనే లిస్టు ఐతే ముందు మీ రిజాల్వర్ ఐపీని రిజిస్టర్ చేసుకోమంటుంది. వాడే ప్రతి లిస్టు పేజీకి వెళ్లి రూల్స్ చదవండి, వ్యాపారానికి వాడుతూ పరిమితి దాటుతుంటే డబ్బు కట్టండి, ఆ డేటా వెనక రాత్రీపగలూ పనిచేసే మనుషులున్నారు.

క్వెరీలు తగ్గించుకోవడం కూడా మన చేతిలోనే ఉంది. స్పామ్‌హాస్ లిస్టులైన ఎస్‌బీఎల్, ఎక్స్‌బీఎల్, పీబీఎల్ విడివిడిగా అడగకుండా అన్నీ కలిసిన జెన్ ఒక్కటి అడగండి. లేని అడ్రస్‌కి వచ్చే మెయిల్‌ని బ్లాక్‌లిస్ట్ అడగకముందే తిప్పి కొట్టండి, కాన్ఫిగ్‌లో వరస మారిస్తే చాలు. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యి 587 పోర్టులో పంపే మీ సొంత యూజర్ల ఐపీని అసలు అడగొద్దు, ఇళ్ల ఇంటర్నెట్ ఐపీలు పీబీఎల్‌లో ఉండటం మామూలే, మీవాళ్లనే మీరు ఆపేసుకుంటారు. రెండు మూడు మెయిల్ సర్వర్లుంటే అన్నిటికీ కలిపి ఒకే రిజాల్వర్ పెడితే క్యాష్ బాగా పనికొస్తుంది.

కీ ఇచ్చే సర్వీసులు మేలా?

మేలు. స్పామ్‌హాస్‌లో దాన్ని డేటా క్వెరీ సర్వీస్ అంటారు, మీకంటూ ఒక కీ ఇస్తారు, అది జోన్ పేరులోనే భాగం అవుతుంది. అడిగేది ఎవరో కీతో తెలిసిపోతుంది కాబట్టి పబ్లిక్ రిజాల్వర్ల గొడవ చాలావరకు తప్పుతుంది.

ఐతే ఒక జాగ్రత్త. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ తిప్పి కొట్టేటప్పుడు జోన్ పేరుని ఆ మెసేజ్‌లో రాస్తుంది, అంటే మీ కీ స్పామర్ చేతికి వెళ్తుంది. ఆర్‌బీఎల్ రిప్లై మ్యాప్స్ అనే సెట్టింగ్‌తో, పోస్ట్‌స్క్రీన్ (పోస్ట్‌ఫిక్స్‌లో ముందుగా వడకట్టే భాగం) వాడుతుంటే డీఎన్‌ఎస్‌బీఎల్ రిప్లై మ్యాప్‌తో దాన్ని దాచండి. సాయం అడుగుతూ లాగ్‌లు ఎక్కడైనా పెట్టేటప్పుడు కూడా కీ చెరిపేయండి.

స్పామ్ అసాసిన్‌లో యూఆర్ఐబీఎల్ బ్లాక్డ్ అని వస్తోంది. నా డొమైన్‌ని బ్లాక్ చేశారా?

లేదు. మిమ్మల్ని, అంటే మీ రిజాల్వర్‌ని ఆపేశారు. మెయిల్‌లోని లింకుల డొమైన్లని అడిగే లిస్టు అది, ఆపేసినవాళ్లకి 127.0.0.1 అని జవాబిస్తుంది, దాన్నే స్పామ్ అసాసిన్ ఈ పేరుతో చూపిస్తుంది. వైట్‌లిస్ట్ (మంచివాళ్ల జాబితా) ఐన డీఎన్‌ఎస్‌డబ్ల్యూఎల్ కూడా ఇంతే, అక్కడ 127.0.0.255 వస్తుంది. రెండిటికీ మందు సొంత రిజాల్వరే.

డొమైన్ లిస్టుల్లో ఐపీ అడిగితే తప్పా?

స్పామ్‌హాస్ వాళ్ల డొమైన్ లిస్టు డీబీఎల్‌లో ఐపీ అడిగితే 127.0.1.255 వస్తుంది, ఐపీలు ఇక్కడ అడగొద్దు అని. దీన్ని కూడా పొరపాటున లిస్టులో ఉన్నట్టు లెక్కేయకండి.

ఐపీవీ6 సంగతి?

అడ్రస్‌ని మొత్తం విప్పి, 32 హెక్స్ అక్షరాల్నీ తిరగేసి, మధ్యలో చుక్కలు పెట్టి అడగాలి, సాఫ్ట్‌వేర్ తనే చేస్తుంది. అన్ని లిస్టులకీ ఐపీవీ6 డేటా ఉండదు.

డీఎన్‌ఎస్ టైమ్‌అవుట్ అయితే మెయిల్ ఆపేయడం సేఫ్ కాదా?

ఆపొద్దు. లిస్టు జవాబివ్వకపోతే లేనట్టే అనుకుని ముందుకెళ్లాలి, పోస్ట్‌ఫిక్స్ కూడా లాగ్‌లో వార్నింగ్ రాసి అలాగే వదిలేస్తుంది. ఎక్కడో ఎవరి సర్వరో పడిపోతే మీ మెయిల్ ఆగిపోవడం న్యాయం కాదు. ఆ వార్నింగ్‌లు రోజుకి ఎన్ని పడుతున్నాయో మాత్రం చూస్తూ ఉండండి.

పది లిస్టులు పెడితే ఇంకా బాగుంటుందా?

నా అభిప్రాయంలో రెండు మూడు నమ్మకమైనవి చాలు, అది కూడా ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పకుండా స్కోర్ పద్ధతిలో. పోస్ట్‌స్క్రీన్‌లో ఒక్కో లిస్టుకి ఒక్కో బరువు ఇచ్చి, మొత్తం ఫలానా హద్దు దాటితేనే ఆపమని చెప్పొచ్చు. అప్పుడు ఒక లిస్టు రాత్రికి రాత్రే పాడైపోయినా మీ మెయిల్ మొత్తం ఆగిపోదు. ప్రతి కొత్త లిస్టు అంటే మీరు కాపలా కాయాల్సిన ఇంకో తలుపు.

నేను మెయిల్ పంపేవాడిని. నా ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో ఉందని మెయిల్ తిరిగొచ్చింది, లిస్టు సైట్‌లో చూస్తే లేదు.

తిరిగొచ్చిన మెసేజ్ (బౌన్స్) పూర్తిగా చదవండి. అందులో ఓపెన్ రిజాల్వర్ అనో, 127.255.255తో మొదలయ్యే కోడో ఉంటే తప్పు మీది కాదు, అవతలి సర్వర్‌ది, అది సోమవారం పొద్దున నా సర్వర్ ఉన్న పరిస్థితిలో ఉంది. వాళ్లకి ఫోన్‌లోనో వేరే అడ్రస్ నుంచో చెప్పండి, ఆ బౌన్స్‌ని కూడా చూపించండి, వాళ్లకి అప్పటికి తెలిసి ఉండదు. డీలిస్ట్ కోసం, అంటే లిస్టు నుంచి తీసేయమని లిస్టువాళ్లకి రాసి లాభం లేదు, వాళ్ల దగ్గర మీ మీద ఏమీ లేదు.

నిజంగానే లిస్టులో పడి, డీలిస్ట్ అయ్యా. ఐనా కొందరు ఇంకా ఆపుతున్నారు.

వాళ్ల రిజాల్వర్ క్యాష్‌లో పాత జవాబు ఉండి ఉంటుంది. ఆ టైమ్ ఐపోగానే మళ్లీ అడిగి కొత్తది తెచ్చుకుంటుంది, సాధారణంగా అది ఎక్కువసేపు కాదు. మర్నాటికి కూడా అదే బౌన్స్ వస్తుంటే అందులో ఏ లిస్టు పేరుందో మళ్లీ చూడండి, మీరు బయటపడింది ఒక లిస్టు నుంచి, వాళ్లు అడుగుతున్నది ఇంకోదాన్ని కావచ్చు.